తలుపు మూసిన సీను

నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది. నాకు సంతకం దాటి రాయడం రాదు. నా మాటలు అక్కడక్కడా సరిచేస్తానంది, సరేనన్నాను. నేను చేసిన తప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం కలం మెత్తబడకూడదని ముందే చెప్పి కూర్చోబెట్టాను.

మాది పార్వతీపురం వైపు. పెళ్లయిన కొత్తలోనే నా మొగుడు దంతెవాడ వైపు కిరండోల్ రైలు లైనులో పట్టాల పనికి వచ్చాడు. రైల్వే మనిషి కాదు, కాంట్రాక్టు కింద కూలి. కొండ మీద ఇనుపరాయి తవ్వేవాళ్లు, కొండ కింద మా క్యాంపు. రేకుల గదులు వరసగా ఉండేవి, గదికీ గదికీ మధ్య గోడ కూడా రేకే. తల మీద నీళ్లు పోసుకుంటే ఎర్రగా దిగేవి. పిల్ల పుట్టిన ఏడాదికి ఆయన పచ్చకామెర్లతో పోయాడు. నేను ఊరికి తిరిగి పోలేదు. రాళ్ల యార్డులో పనికి కుదిరాను. సుత్తితో రాయి చితక్కొట్టడం, మంచి ముక్కలు ఏరడం, తట్టలో మోసి గుట్ట పోయడం. ఏ రోజుకారోజు మేటు హాజిరీ పుస్తకంలో గీత పెడితేనే ఆ రోజు పని చేసినట్టు లెక్క. గీత పడకపోతే నువ్వు ఆ రోజు బతికినట్టే కాదు.

నాకు తమిళం ఎలా వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతా దానివల్లే వచ్చింది. మా పక్కగదిలో సేలం వైపు నుంచి వచ్చిన కుటుంబం పదకొండేళ్లున్నారు. వాళ్లాయన కొండ మీద డ్రిల్లింగు మనిషి. ఆవిడకూ నాకూ కొళాయి దగ్గర రోజూ యుద్ధం. ఆవిడ నన్ను ఏమని తిడుతోందో తెలుసుకోవడానికి కొంత తమిళం నేర్చుకున్నాను. తిరిగి తిట్టడానికి ఇంకొంత నేర్చుకున్నాను. నా మొగుడు పోయిన రోజు ఆవిడే నా పిల్లకి గంజి పట్టింది. ఆ తర్వాత తిట్టుకోవడం మానేశాం, మిగిలిన తమిళమంతా కబుర్లలో వచ్చేసింది. వాళ్ల పని అయిపోయి వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. భాష నా దగ్గర ఉండిపోయింది.

అప్పుడే వీడియో కొత్తగా వచ్చింది. యార్డు పక్కన ఒక పాత గోడౌను ఉండేది. దాని కిటికీలకు గోనె సంచులు కట్టి లోపల టీవీ పెట్టి సినిమాలు వేసేవాడు దాదా. అందరూ అతన్ని దాదా అనేవాళ్లు, నేనూ అదే అంటాను. ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, తరఫున యార్డు నడిపేవాడు అతనే. ఎవరికి పని ఉంటుందో, ఎవరికి ఉండదో అతని నోటి నుంచి రావాలి. కొంటా వైపు మనిషి, తెలుగువాడే. చెయ్యి చేసుకోవడానికి ఆలోచించడు. ఇద్దరు ముగ్గురు ఎప్పుడూ వెనక తిరుగుతుండేవాళ్లు.

సెలవు మీద ఊళ్లకు వెళ్లిన తమిళవాళ్లు తిరిగొచ్చేటప్పుడు క్యాసెట్లు తెచ్చేవాళ్లు. ఆదివారం పొద్దున తమిళం తెలిసినవాళ్లకు ఒక ఆట. మధ్యాహ్నం మిగిలినవాళ్లందరికీ ఒక ఆట. ఆ మధ్యాహ్నపు ఆటకి నేను కావాలి. టీవీ పక్కన తట్ట బోర్లించుకుని కూర్చుని, బొమ్మ మాట్లాడుతుంటే ఆ మాటలు నేను చెప్పేదాన్ని. ముందు తెలుగులో, వెంటనే బజారు హిందీలో, మధ్యలో అక్కడి కొండవాళ్ల హల్బీ ముక్కలు రెండు. రౌడీ మాట్లాడితే గొంతు బొంగురు చేసేదాన్ని, హీరోయిన్ మాట్లాడితే కొంచెం నీళ్లు కలిపేదాన్ని. పాట వస్తే టీ తాగేదాన్ని. ఫైటు వస్తే ఆకు వేసుకునేదాన్ని. ఫైటుకి భాష అక్కర్లేదు కదా.

జనానికి సినిమా అంటే నా గొంతే. ఒకసారి ఒడియా మేస్త్రీ ఒకాయన పొద్దున ఆటకి పొరపాటున వెళ్లి, హీరో సొంత గొంతు విని, వీడి గొంతు ఇది కాదు, ఎవడో మార్చేశాడని గొడవపెట్టుకుని బయటికొచ్చాడు. అది చెప్పుకుని నేను చాలా రోజులు నవ్వాను. నా మాట అంత నమ్మేవాళ్లున్నప్పుడు భయపడాలని నాకు తట్టలేదు.

అలా వచ్చిందే ఆ మాస్టారి సినిమా.

కథ చెబుతాను. సముద్రం పక్క ఒక ఊరు. అక్కడికి ఒక మాస్టారు వస్తాడు. వెనకటి ఊళ్లో తన బడిపిల్లాడు ఆపదలో ఉంటే భయపడి పారిపోయిన మనిషి. అప్పటినుంచి నిద్ర లేదు. కిటికీ రెక్క టప్పున కొట్టుకుంటే పాఠం మధ్యలో బయటికి వెళ్లిపోతాడు. ఆ ఊళ్లో ఉప్పుమళ్లన్నీ ఒక రౌడీవి. బడికి పోవాల్సిన పిల్లల్ని పట్టుకుపోయి ఉప్పు మోయిస్తుంటాడు. ఒకరోజు ఒక పిల్ల పరిగెత్తుకుంటూ మాస్టారి ఇంటికి వస్తుంది. తన తమ్ముణ్ని మళ్లలో గొలుసేసి ఉంచారని చెబుతుంది. ఆ పిల్ల వెనకే రౌడీ మనుషులు. మాస్టారు తలుపు మూసి గడియ పెట్టి, భయపడకు, దొడ్డి దారిన వెళ్లిపో, వీధి తలుపు దగ్గర నేను నిలబడతాను అంటాడు. అక్కడినుంచి ఆ మాస్టారు వేరే మనిషి. చివరికి ఉప్పుగుట్టల మధ్య రౌడీని కొట్టి పడేసి పిల్లల్ని బడికి తీసుకొస్తాడు.

మొదటి ఆదివారం మగాళ్ల ఆట. చెప్పొద్దూ, నేను కూడా ఒళ్లు మరిచిపోయి చెప్పాను. మాస్టారు రౌడీ కాలరు పట్టుకున్నప్పుడు గోడౌను రేకులు ఎగిరిపోయేలా ఈలలు వేశారు. వెనక ఎవడో, మన మాస్టారు కూడా ఒకరోజు ఇలాగే పట్టుకుంటాడని అరిచాడు. అందరూ నవ్వారు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న దాదా నవ్వలేదు.

మన మాస్టారు అంటే క్యాంపు బడి మాస్టారు. తెలుగు పిల్లల కోసం మేమే వేసుకున్న రేకుల బడి అది. ఆయన ఎక్కడో కోస్తాలో పంతులుగా చేసి, ఏదో చెడి, భార్య వదిలేసి వెళ్లిపోయాక ఇటు వచ్చాడు. సాయంత్రమైతే ఇప్పసారా. పొద్దున చేతులు వణికేవి. బోర్డు మీద రాసేటప్పుడు కుడి మణికట్టును ఎడం చేత్తో పట్టుకుని రాసేవాడు. కొన్ని రోజులు లేవలేక పెద్దపిల్ల చేత పాఠం చదివించేవాడు. మేము ఆయన్ని ఏదో ఒకటి అనుకుంటూనే ఉండేవాళ్లం.

ఆ మనిషే ఈ సినిమాకి కొద్ది రోజుల ముందు ఒక మధ్యాహ్నం యార్డుకి వచ్చాడు. జల్లెడ మిషను కిందికి పెద్దవాళ్లు దూరలేరు. అందుకని పదేళ్ల, పన్నెండేళ్ల ఆడపిల్లల్ని పెట్టి అక్కడ ముక్కలు ఏరించేవాళ్లు. పదకొండు మంది ఉండేవాళ్లు, అందులో ఒకతి నా కూతురు. మాస్టారు చాలాసేపు చూసి, రేపటినుంచి వీళ్లు బడికి వస్తారని మేటుతో చెప్పాడు. మేటు నవ్వాడు. ఆయన యార్డులో ఇంకేమీ మాట్లాడలేదు. ఒక్కొక్క ఇంటికే వచ్చి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. మా ఇంట్లో టీ వేళ కూర్చున్నవాడు అన్నం ఉడికేదాకా లేవలేదు. సారా వాసన కూడా వస్తోంది. ఇతను లేస్తే చాలు అని నేను సరేనన్నాను. మిగతావాళ్లూ దాదాపు అలాగే అన్నారు. అలా పదకొండు మందీ బడికి వెళ్లారు. జల్లెడ కింద ముక్కలు పేరుకుపోవడం మొదలైంది.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మా క్యాంపులో రోజూ మధ్యాహ్నం కొండ మీద మందు పేల్చేవాళ్లు. ముందు సైరన్ మూడుసార్లు మోగేది. ఒక్కోసారి గులకరాళ్లు మా ఇళ్ల మీదకి వచ్చి పడేవి. అందుకని సైరన్ వినగానే అందరం తలుపులు మూసుకునేవాళ్లం. మాస్టారు కూడా పిల్లలందరినీ లోపలికి పిలిచి బడి తలుపు మూసేవాడు. పేలుడు అయ్యాక తీసేవాడు. అంతే. అందులో ఎవరికీ ఏమీ కనపడలేదు, నేను కనపడేలా చేసేదాకా.

మగాళ్ల ఆట అయిన ఆ వారం మధ్యలో దాదా నేను రాళ్లు కొట్టే చోటికి వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్లు తాగావా అని అడిగాడు.

"ఏందక్కా, కథ మస్తు చెప్తున్నవంట. ఈ ఆదివారం ఆడోళ్ల ఆట పెడుతున్న. టికెట్ లేదు. అందరిని రమ్మను."

మంచిదే దాదా అన్నాను.

"ఆ తలుపు మూసే సీను ఉంది కదా. ఆడ మాట కొంచెం మార్చు. ఆ మాస్టరు మంచోడు కాదు, పిల్లని భయపెడుతున్నడు. అట్ల చెప్పు. బొమ్మ అట్లనే ఉంటది, నువ్వేమి కష్టపడక్కర్లేదు."

నాకు వెంటనే అర్థమయింది. అర్థం కాలేదని ఇప్పుడు చెప్పుకుంటే అది రెండో అబద్ధం అవుతుంది. అలాగెందుకు బాబూ, సినిమాలో లేదు కదా అన్నాను. అతను ఒక రాయి తీసి చేతిలో తిప్పుతూ, మేటు దగ్గర హాజిరీ పుస్తకం కొత్తది మొదలుపెడుతున్నారు, అందులో ఎవరి పేర్లు ఎక్కించాలో చూస్తున్నారు అన్నాడు. నా చేతిలో సుత్తి ఉంది. నేను తల దించుకుని రాయి కొట్టాను.

ఆదివారం గోడౌను నిండిపోయింది. టికెట్ లేదంటే రానివాళ్లెవరు. చంకలో పిల్లలతో, చెంగులో మరమరాలతో వచ్చారు. ఆ సీను వచ్చింది. పిల్ల పరిగెత్తుకొచ్చింది, మాస్టారు గడియ పెట్టాడు. దాదా గుమ్మంలో నుంచి నన్నే చూస్తున్నాడు. తలుపు తియ్యండి, నేనింటికి పోతాను అని ఏడుస్తోంది పిల్ల, అని చెప్పాను. అరిచినా ఎవరికీ వినపడదు అంటున్నాడు మాస్టారు, అని చెప్పాను. అది మూడు భాషల్లోనూ చెప్పాను.

ఇక్కడ నా కూతురు రాయడం ఆపింది. రాయి అన్నాను.

ఒక్క మాట మారిస్తే సరిపోదని అప్పుడు తెలిసింది. తర్వాత సినిమా అంతా వంచాల్సి వచ్చింది. రౌడీని ఆ పిల్లకి మేనమామని చేశాను. గొలుసులేసిన పిల్లల్ని ఉప్పుదొంగలని చేశాను. మాస్టారు దెబ్బలు తింటుంటే ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. చివర్లో మాస్టారే గెలిచేసరికి ఎవరికీ ఏమీ తోచక అలాగే కూర్చుండిపోయారు. ఏం సినిమా తీశారో, చెడ్డవాడు గెలిచాడు అనుకుంటూ బయటికెళ్లారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఒకామె, మన మాస్టారు కూడా రోజూ తలుపు మూస్తాడు కదే అంది. నెమ్మదిగానే అంది. నాకు వినపడింది.

సోమవారం కొళాయి దగ్గర ఇంకో మాట లేదు. మగాళ్లలో ఇద్దరు, మాకు వేరేలా చెప్పింది, ఆ మాస్టారు మంచివాడే అన్నారట ఇళ్లలో. దానికి వాళ్ల పెళ్లాలు ఏమన్నారో చూడండి.

"మీ మగోళ్ల దగ్గర సిగ్గుపడి సెప్పుండదు. మాకైతే ఉన్నదున్నట్టు సెప్పీసింది."

అలా అన్నామె, వరసకి నాకు వదిన, నా వైపు తిరిగి, "సెప్పి మంచి పని సేసినావప్పా, లేపోతే మాకెలా తెలుస్తాది" అంది. నా బిందె నిండి కారిపోతోంది. నేను కొళాయి కట్టలేదు.

ఆ రోజు బడికి ఆడపిల్లలు ఒక్కరూ పోలేదు. నా కూతురు పలక పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వీధిలో పిల్లలు ఏదో అంటే వెనక్కి వచ్చేసింది. అమ్మా, మాస్టారు తలుపు మూసేది సైరన్‌కి కదా అని అడిగింది. నేను పొయ్యి ఊదుతున్నట్టు కూర్చున్నాను. బుధవారానికి పదకొండు మందీ మళ్లీ జల్లెడ కింద ఉన్నారు. మేటు కొత్త పుస్తకంలో నా పేరు మొదట రాశాడు. నేను రాయి కొడుతూ తలెత్తి చూస్తే నా పిల్ల జల్లెడ కింద నుంచి పాకుతూ బయటికొస్తోంది. కనుబొమ్మల దాకా ఎర్రదుమ్ము. తట్ట నెత్తికెత్తుకోవడానికి రెండుసార్లు తూలి మూడోసారికి ఎత్తుకుంది.

చేతిలో సుత్తి అక్కడ పడేసి బడికి వెళ్లాను.

బడిలో అయిదారుగురు మగపిల్లలు ఉన్నారు. మాస్టారు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పగలే తాగి ఉన్నాడు. ఎదురుగా రేకుపెట్టె సర్ది ఉంది. పిల్లల్ని బయటికి పంపించి, నేనే అబద్ధం చెప్పాను బాబూ అన్నాను. ఎలా చెప్పానో, ఎవరు చెప్పమన్నారో, ఎందుకు చెప్పానో అంతా చెప్పాను. ఆయన ఆ సినిమా చూడలేదు. అసలు ఆ సీనులో ఏముందని అడిగాడు. అదీ చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నేను తాగుతానమ్మా. అది నిజం. తాగుబోతు దగ్గరికి పిల్లల్ని పంపకండి అని మీరు చెప్పి ఉంటే నేను బాధపడేవాణ్ని కాదు."

ఆదివారం బండికి వెళ్లిపోతున్నానన్నాడు. వెనకటి ఊళ్లో కూడా ఇలాగే వెళ్లిపోయానన్నాడు. నాకు కోపం వచ్చింది. తప్పు చేసింది నేను, కోపం నాకెందుకో తెలియదు కాని వచ్చింది.

"మీరు ఎల్లిపోతే నా అబద్ధం నిజమైపోద్ది బాబూ. ఆ ఆదివారమే దాదా మనకి దిగువనున్న కింద క్యాంపు ఆడోళ్లకి ఆట ఏస్తన్నాడు. మీరు రండి. తాగకుండా రండి. తర్వాత మీ ఇష్టం."

ఆయన రేకుపెట్టె మూత మళ్లీ ఒకసారి నొక్కి చూసుకున్నాడు.

ఆ ఆదివారం కింద క్యాంపు ఆడవాళ్లతో పాటు మావాళ్లనీ లాక్కొచ్చాను. పోయినసారి సరిగ్గా వినలేదు, ఇంకో మాట ఉంది, విందురుగాని రండి అన్నాను. దాదా నన్ను చూసి సంతోషంగా తల ఊపాడు. కూర్చోవడానికి మంచి తట్ట తెప్పించాడు.

సినిమా మొదలైంది. పాట వచ్చింది, నేను టీ తాగలేదు. పిల్ల పరిగెత్తుకొచ్చింది. మాస్టారు గడియ పెట్టాడు. నేను లేచి టీవీ ముందు నిలబడ్డాను.

"పోయిన ఆదివారం ఈ సీను కాడ నాను అబద్ధం సెప్పినాను. ఈ మాస్టారు పిల్లని దాస్తన్నాడు. నువ్వు దొడ్డిదారిన ఎల్లు, వీధి తలుపు కాడ నానుంటాను అంటన్నాడు. అదీ మాట. మిగిలిందంతా నా నోటికి దాదా ఎట్టిన మాట."

దాన్నే హిందీలో చెప్పాను. హల్బీలో నాకు వచ్చిన ముక్కలతో చెప్పాను. దాదా కుర్చీలో నుంచి లేచి ప్లగ్గు లాగేశాడు. బొమ్మ పోయింది. కిటికీలకు గోనెలు కట్టి ఉన్నాయి కదా, లోపల చీకటి. ఆట అయిపోయింది, పొండి అన్నాడు. ఎవరూ లేవలేదు. లేవాలో వద్దో వాళ్లకు తెలియలేదు. నేను ఆపితే లేచేవాళ్లు. నేను ఆపలేదు. తర్వాత ఆ పిల్ల దొడ్డి గోడ దూకుతుంది అన్నాను. రౌడీ మనుషులు తలుపు తంతుంటారు, మాస్టారు వీపు ఆనించి నిలబడతాడు అన్నాను. బొమ్మ లేకుండానే చెబుతున్నాను. ఎవరో ఒకామె గోనె పీకి పారేసింది. ఎండ వచ్చి లోపల పడింది. అప్పుడు చూస్తే గుమ్మంలో మాస్టారు ఉన్నాడు.

దాదా నా మీదికి రావడం ఆపి ఆయన వైపు తిరిగాడు.

"ఏంది మాస్టరూ, పట్టపగలే తాగొచ్చినవా?"

"లేదు. ఈ రోజు తాగలేదు. రేపు తాగుతానేమో. ఆ పదకొండు మంది మాత్రం రేపు బడికి వస్తారు."

దాదా చెంప మీద కొట్టాడు. కళ్లజోడు ఎగిరి ఆడవాళ్ల మధ్య పడింది. మాస్టారు చేతులు వణుకుతున్నాయి, అందరం చూశాం. వంగి కళ్లజోడు తీసుకుని పెట్టుకున్నాడు. ఒక అద్దం పగిలింది. అదే చోటికి వచ్చి నిలబడి, అదే మాట మళ్లీ చెప్పాడు. పదకొండు మంది రేపు బడికి వస్తారు. రెండో దెబ్బకి కింద పడ్డాడు, కళ్లజోడు మళ్లీ ఎగిరింది. ఈసారి కళ్లజోడు మాకు వదిలేసి, లేచి మూడోసారి అదే చెప్పాడు. తిట్టలేదు. చెయ్యి ఎత్తలేదు. సినిమా మాస్టారైతే అప్పటికి నలుగుర్ని పడేసేవాడు. మా మాస్టారికి రెండు దెబ్బలకే పెదవి చిట్లి రక్తం వచ్చింది. కాని కదల్లేదు. పారిపోయే మనిషని మేమందరం అనుకున్న మనిషి, ఆ రోజు బండి ఎక్కాల్సిన మనిషి, నిలబడ్డాడు.

దాదా మూడోసారి చెయ్యి ఎత్తాడు. అప్పటికి కొళాయి దగ్గర నన్ను మెచ్చుకున్న వదిన లేచి నిలబడి ఉంది. ఆమె చంకలో పిల్ల ఉంది.

"అందర్నీ కొట్టాల మరి. ఎవరి నుంచి మొదలెడతావో సెప్పు" అంది, ధర అడిగినట్టు అడిగింది.

ఒక్కొక్కరూ లేచారు. ఎవరూ అరవలేదు, ఎవరూ ముందుకు వెళ్లలేదు. ఊరికే లేచి నిలబడ్డారు. దాదా వెనక తిరిగేవాళ్లలో ఒకడి తల్లి కూడా అందులో ఉంది. వాడు బయటికి వెళ్లిపోయాడు. దాదా క్యాసెట్ తీసుకుని, రేపు యార్డులో చూస్తానని నాతో చెప్పి వెళ్లాడు. కూర్చోండి, కథ అవ్వలేదు అన్నాను. కూర్చున్నారు. చచ్చిన టీవీ పక్కన నిలబడి ఉప్పుగుట్టల ఫైటుతో సహా మొత్తం చెప్పాను. ఫైటుకి మాటలు వెతుక్కోవాల్సి రావడం అదే మొదలు. మాస్టారు గోడకి ఆనుకుని, పెదవికి గుడ్డ అద్దుకుంటూ చివరిదాకా విన్నాడు.

సోమవారం పదకొండు మందీ రాలేదు. ఏడుగురు వచ్చారు, అందులో నా కూతురు ఒకతి. తగ్గిన ఆ నలుగురూ నా లెక్కలోనే ఉంటారు. వాళ్ల అమ్మలకి అబద్ధమని తెలిసింది, అయినా ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారు. ఒకసారి పడిన మాట పూర్తిగా లేవదు. ఆ నలుగురిలో ఒకతి తర్వాత చాలా ఏళ్లకు దంతెవాడ సంతలో కనపడింది, బస్సు బోర్డు చదివి పెట్టమని పక్కవాళ్లని అడుగుతోంది. నేను పలకరించలేకపోయాను. నాకూ ఆ బోర్డు చదవడం రాదు. కాని ఆమెకి రావాల్సింది.

ఆ సోమవారం పొద్దున యార్డుకి వెళ్తే మేటు నా పేరు కొట్టేశానన్నాడు. తెలుసు అన్నాను. నా సుత్తి నాదే, అది తీసుకుని వచ్చేశాను. వచ్చి బడి ఎదురుగా రోడ్డు అవతల కూర్చున్నాను. నాతోపాటు పనికి వెళ్లని ఆడవాళ్లు నలుగురైదుగురు చేరారు. ఒకామె, రోజూ సైరన్ వేళకి మనలో ఒకరు బడి లోపల కూర్చుంటే ఎవరికీ అనుమానం ఉండదు కదా అంది. నేను ఒప్పుకోలేదు. కాపలా పెడితే నేను చెప్పిన అబద్ధానికి కుర్చీ వేసినట్టే. ఆయన ఎప్పటిలాగే మూస్తాడు, మనం ఇక్కడినుంచి చూస్తాం, అంతే అన్నాను.

సైరన్ మోగింది. మాస్టారు పిల్లల్ని లోపలికి పిలిచాడు. తలుపు మీద చెయ్యి వేసి, రోడ్డు అవతల ఉన్న మమ్మల్ని చూసి ఆగిపోయాడు. రెండోసారి మోగింది. మూసేవాడు కాదు. ఎదురుగా తల్లులు కూర్చుంటే ఎలా మూస్తాడు. మూడోసారి మోగిందంటే ఇక రాళ్లు వస్తాయి.

"మూసీండి బాబూ" అని ఇవతల నుంచి కేకేశాను. "పిల్లల మీద రాళ్లు పడతాయి, మూసీండి."

మూశాడు. కొండ మీద పేలింది. మేము చీరచెంగులు నెత్తిన కప్పుకుని అక్కడే కూర్చున్నాం. లోపల ఏడుగురు ఆడపిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. గొంతులు కలవడం లేదు, ఎవరి వేగం వాళ్లదే.

దుమ్ము ఇంకా దిగకముందే మేటు వచ్చాడు. దాదా పంపించాడు. నా ముందు నిలబడి, రోడ్డు మీద ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూశాడు. అతను చెడ్డవాడేమీ కాదు, అతనికీ ఇద్దరు పిల్లలు.

"అత్తా, నీ పిల్లని ఇప్పుడే జల్లెడ కాడికి పంపమంటన్నాడు. పంపితే నీ పేరు మళ్లీ రాసీమన్నాడు. పొద్దుటి గీత కూడా ఎట్టీమన్నాడు."

నేను సుత్తి ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాను. ఇంట్లో రెండు రోజుల బియ్యం ఉన్నాయి. ఆ తర్వాత రైల్వే క్వార్టర్లలో అంట్లు తోమడానికి పని దొరుకుతుందని అప్పటికి నాకు తెలియదు. ఏదీ దొరుకుతుందని తెలియదు.

"ఆ పిల్ల పనిలో ఉంది" అన్నాను. "ఖాళీ లేదని సెప్పు."